దొంగతనం కేసులో లాయర్ నోరు విప్పింది ఎప్పుడు?

దొంగతనం కేసులో ముద్దాయి తరఫున లాయర్ లేచి వాదించడం ఇవాళ వింతేమీ కాదు. ఇంగ్లండ్‌లో మాత్రం 1836 దాకా అది కుదరలేదు. చిల్లర నేరాలకు లాయర్‌ను పెట్టుకోవచ్చు. రాజద్రోహం కేసుల్లోనూ 1696 నుంచి పెట్టుకోవచ్చు. ఉరి పడే దొంగతనం కేసులో మాత్రం ఎవరి గోడు వాళ్లే చెప్పుకోవాలి. ముద్దాయి బాగోగులు చూడ్డానికి జడ్జి ఉన్నాడు కదా, ఇంకో లాయర్ ఎందుకు అనేవారు. తీర్పు చెప్పేవాడే మన తరఫు లాయర్ కూడా అన్నమాట!

శిక్షలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 1713 చట్టం ప్రకారం ఇంట్లోంచి 40 షిల్లింగులో, ఆపైన విలువైన సొత్తో ఎత్తుకుపోతే ఉరే. అలాంటప్పుడు చాలామందిని కాపాడింది జ్యూరీ వాళ్ల జాలి. జ్యూరీ అంటే నేరం చేశాడా లేదా తేల్చడానికి కోర్టులో కూర్చోబెట్టే మామూలు జనం. పోయిన వస్తువు ఎంత ఖరీదైనదైనా సరే, విలువ 39 షిల్లింగులే అని తేల్చేసేవారు. ఒక్క షిల్లింగు తేడాతో మెడ దక్కేది. జాలి పుట్టకపోతే అంతే సంగతులు.

ఇంకో పక్క బహుమతుల గొడవ. దారిదోపిడీ చేసినవాణ్ణో, ఇంటికి కన్నం వేసినవాణ్ణో పట్టిచ్చి శిక్ష పడేలా చేస్తే సర్కారు 40 పౌండ్లు ఇచ్చేది. ఆ డబ్బుకు ఆశపడి అమాయకుల్ని ఇరికించే ముఠాలే పుట్టుకొచ్చాయి. 1730ల నుంచి జడ్జీలు కాస్త మెత్తబడి, సాక్షుల్ని ప్రశ్నించడానికి లాయర్లను రానిచ్చారు. జ్యూరీతో మాత్రం మాట్లాడకూడదు. దాంతో లాయర్లు వాదననంతా ప్రశ్నల్లోనే ఇరికించడం నేర్చారు. ఇందులో 1780ల నాటి విలియం గ్యారో దిట్ట. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో సాక్షిని నిలబెట్టి బహుమతి సంగతి కదిపేవాడు. ఆ ప్రశ్న పడిందంటే సాక్షి దేనికోసం వచ్చాడో జ్యూరీకి విడమరిచి చెప్పక్కర్లేదు.

1836 చట్టంతో జ్యూరీ ముందు మాట్లాడే హక్కు వచ్చింది. మరి లాయర్‌కు ఫీజు ఇచ్చుకోలేనివాడి మాటేమిటి? ఆ ప్రశ్న అమెరికాలో తేలడానికి ఇంకో నూట పాతికేళ్లు పట్టింది. తేల్చింది కూడా ఓ చిన్న దొంగతనం కేసే.

1961లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక పూల్ రూమ్‌లో, అంటే బిలియర్డ్స్ లాంటి ఆట ఆడుకునే చోట, దొంగతనం జరిగింది. క్లారెన్స్ ఎర్ల్ గిడియన్‌ను పట్టుకున్నారు. లాయర్‌ను ఇప్పించమంటే, మరణశిక్ష పడే కేసులకే ఇస్తామన్నాడు జడ్జి. తన కేసు తానే వాదించుకుని అయిదేళ్ల జైలుకు వెళ్లాడు గిడియన్. అక్కడ పెన్సిల్‌తో అర్జీ రాసి సుప్రీంకోర్టుకు పంపాడు. పెద్ద నేరారోపణ ఉండి లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివాడికి రాష్ట్రమే ఇప్పించాలని 1963 మార్చి 18న జడ్జీలంతా ఒక్కమాటగా తీర్పిచ్చారు.

అసలు విషయం ఆగస్టులో జరిగిన రెండో విచారణలో ఉంది. దొంగతనం జరిగిన రోజు గిడియన్‌ను ఎక్కించుకున్న టాక్సీ డ్రైవర్, 'నన్ను ఎక్కించుకున్నట్టు ఎవరికీ చెప్పకు' అని అతను అన్నాడని చెప్పాడు. వినడానికి దొంగ మాటలాగే ఉంది. ఈసారి పక్కన లాయర్ ఉన్నాడు. ఇంతకుముందు కూడా అలా అన్నాడా అని అడిగాడు. అన్నాడట. ఎందుకని? భార్యతో గొడవలట. గంటసేపట్లో జ్యూరీ గిడియన్‌ను నిర్దోషిగా వదిలేసింది.