కోవిడ్ సాయం డబ్బు, మనసు వైద్యం: అనంతపురంలో తరచూ వినే అపోహలు - వాస్తవాలు

నేను అనంతపురం జిల్లాలో మానసిక వైద్య విభాగంలో సామాజిక కార్యకర్తగా పనిచేస్తున్నాను. డాక్టరు మందు రాసి పంపించాక ఆ ఇంటికి వెళ్లేది మేమే. మందు వేసుకుంటున్నారో లేదో చూడాలి, ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి, ఏదైనా కాగితం ఆగిపోతే కార్యాలయాల చుట్టూ వాళ్లతో కలిసి తిరగాలి. కోవిడ్ వచ్చిన నాటి నుంచి నాకు ఎదురయ్యే ప్రశ్నల్లో సగం డబ్బు గురించే. వాటి వెనుక ఉన్న అపోహలు వైద్యానికే అడ్డం పడుతున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: మానసిక ఆరోగ్యానికి కోవిడ్ నిధులు కోట్లలో వచ్చాయి, మధ్యలో ఎవరో తినేశారు.

అమెరికాలో పిల్లలు ఉన్న ఇళ్లలో ఈ మాట ఎక్కువగా వింటాను. అక్కడ 2021 మార్చిలో చేసిన చట్టం కింద రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు 35,000 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ డబ్బును మానసిక వైద్య సేవలకు వాడుకోవచ్చని నిబంధనల్లోనే రాశారు. 2024 చివరికల్లా పనులు ఖరారు చేసుకోవాలని, 2026 చివరికల్లా ఖర్చు పూర్తి చేయాలని గడువు కూడా పెట్టారు.

మన దగ్గర జరిగింది వేరు. 2020 మార్చి 14న కేంద్రం కోవిడ్‌ను విపత్తుగా పరిగణించి, రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి ఖర్చు చేయడానికి అనుమతించింది. దేనికి? క్వారంటైన్ కేంద్రాలకు, నమూనాల సేకరణకు, పరీక్షలకు, పరికరాలకు. 2021 జులైలో 23,123 కోట్ల రూపాయలతో ప్రకటించిన రెండో అత్యవసర ప్యాకేజీలో ప్రధానమైనవి పిల్లల వార్డులు, ఐసీయూ పడకలు, ఆక్సిజన్, మందుల నిల్వలు. ఊపిరి అందక మనుషులు పోతున్న రోజులవి, వాటి అవసరాన్ని నేను తప్పుపట్టను. కానీ అదే 2021-22 బడ్జెట్‌లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పెట్టింది 40 కోట్లు. ఒక రాష్ట్రానికి కాదు, దేశమంతటికీ.

విపత్తు నిధి పక్కదారి పట్టిన సంగతి అసలు లేదని చెప్పను. మన రాష్ట్రంలో వేరే ఖాతాకు మళ్లించిన 1,100 కోట్లను రెండు వారాల్లో తిరిగి విపత్తు నిధిలో జమ చేయమని 2022 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే అది మానసిక వైద్యానికి కేటాయించిన సొమ్ము కాదు. మనం అడగాల్సిన ప్రశ్న ‘ఎవరు తిన్నారు’ అని కాదు, ‘మా బాధను ఆ ఖర్చుల జాబితాలో ఎందుకు రాయలేదు’ అని. జాబితాలో లేని పనికి ఎంత మంచి కలెక్టరు ఉన్నా రూపాయి విడుదల చేయలేరు.

అపోహ: సాయం డబ్బు ముట్టుకుంటే పోయినవాళ్లను అమ్ముకున్నట్టే.

దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టే ఒకావిడ ఉన్నారు. రెండో వేవ్‌లో భర్త పోయారు. 2021 జూన్ 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, కోవిడ్ మృతుల కుటుంబాలకు విపత్తు నిధి నుంచి 50,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయమైంది. ఆవిడకూ వచ్చింది. నేను వెళ్లేనాటికి ఏడు నెలలు గడిచాయి, అందులో ఒక్క రూపాయి తీయలేదు. పాస్‌బుక్కును ఆయన చొక్కాలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టారు. వేళ్లకు నీలం రంగు అంటుకుని ఉంది. మిషను మీద చెయ్యి అలాగే ఉంచి అడిగారు: “మేడమ్, ఆస్పత్రికి తీసుకుపోయే రోజున నా దగ్గర రెండు వేలు లేవు. ఇప్పుడు ఇంత పెట్టుకుని నేను అన్నం ఎట్లా తినేది?”

ఆవిడకు నిద్ర లేదు. ఆకలి లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటున్నారు. పిల్లవాడి స్కూలు ఫీజు బాకీ ఉంది, డబ్బు మాత్రం కదలడం లేదు. పక్కింటివాళ్లు దాన్ని మొండితనం అనుకున్నారు. అది వైద్యం అవసరమైన కుంగుబాటు. మందు మొదలుపెట్టాక మూడో వారానికి నిద్ర పట్టింది. ఫీజు కట్టడానికి ఇంకో రెండు నెలలు పట్టింది, బ్యాంకుకు ఆవిడతో పాటు నేనూ వెళ్లాను.

ఆ డబ్బు మనిషి వెల కాదు. విపత్తులో కుటుంబం నిలబడడానికి చట్టం ఇచ్చిన హక్కు. ఇచ్చేవాళ్లు కూడా ఒకటి గుర్తించాలి. దరఖాస్తు తీసుకునే బల్ల దగ్గరే ‘నిద్ర పడుతోందా?’ అని అడిగే ఒక మనిషి ఉండి ఉంటే ఆవిడకు ఏడు నెలలు కలిసి వచ్చేవి. దానికి కొత్త భవనం అక్కర్లేదు.

అపోహ: కోవిడ్ వచ్చి ఆత్మహత్య చేసుకుంటే ఆ కుటుంబానికి సాయం రాదు.

మొదట వచ్చిన మార్గదర్శకాల్లో అలాగే ఉండేది. సుప్రీంకోర్టు పునరాలోచించమంది. పాజిటివ్ అని తేలిన 30 రోజుల్లోపు ఆత్మహత్య చేసుకున్నవారి కుటుంబాలూ అర్హులేనని 2021 అక్టోబరులో ఖరారైంది. ఆ భయం కూడా వ్యాధిలో భాగమేనని ఒప్పుకున్నట్టే కదా. నా దృష్టిలో ఆ మొత్తం వ్యవహారంలో మానసిక ఆరోగ్యాన్ని గుర్తించిన చోటు ఇదే. అయినా సిగ్గుతో చావు కారణం దాచిపెట్టి, దరఖాస్తే చేయని ఇళ్లు నాకు తెలుసు.

కోవిడ్ మృతుల కుటుంబాలకు నాలుగు లక్షలు ఇస్తారంటూ వాట్సాప్‌లో తిరిగిన ఫారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2020 మార్చి 14 నాటి ఉత్తర్వులో ఆ మొత్తం ఉన్న మాట నిజమే, అదే రోజు దాన్ని సవరించి తీసేశారు.

అపోహ: కౌన్సెలింగ్ అంటే కబుర్లే, దానికి ప్రభుత్వ డబ్బెందుకు?

కుంగుబాటుకు ఇచ్చే ఫ్లూక్సెటిన్ లాంటి మందులు ఖరీదైనవి కావు, జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నవే. అవి పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. అందుకే ఒక్కరోజు శిబిరం పెట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోతే రోగికి ఒరిగేదేమీ లేదు. ఖర్చంతా, అన్ని నెలలూ రోగిని చూసుకునే ఒక మనిషిని ఆ ఊళ్లో ఉంచడానికే.

ఒక్కసారి మాత్రమే వచ్చే డబ్బుతో ఏళ్ల తరబడి జీతాలు ఇవ్వలేం, అది నిజం. శిక్షణ ఇవ్వవచ్చు. మన పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసింది ఇదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి మానసిక వ్యాధులు గుర్తించడం, మందులు ఇవ్వడం నేర్పింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి నమూనాయే ఆధారం. రాయదుర్గం నుంచి బళ్లారికి రోజూ జీన్స్ మూటలు వెళ్తాయి, ఈ సంగతి మాత్రం మన ఊళ్లలో ఎవరికీ తెలియదు.

అపోహ: కోవిడ్ పోయింది, ఆ సేవలూ పోయాయి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల్లో వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. దానికి కోవిడ్‌తో సంబంధం లేదు. కోవిడ్ అనుభవంతోనే 2022 బడ్జెట్‌లో ప్రకటించిన టెలీ మానస్ అనే ఫోన్ సేవ ఆ ఏడాది అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరు దాకా వెళ్లలేనివాళ్లు ముందు ఈ నంబరుకు చేయండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే తెల్లవారేదాకా ఆగకండి, అప్పుడే చేయండి.

2021 మే నెలలో ఒక ఆశ కార్యకర్త తన జ్వరాల సర్వే రిజిస్టరు నాకు చూపించారు. జ్వరం, దగ్గు, ఆక్సిజన్ శాతం, అన్నిటికీ గడులున్నాయి. కొన్ని పేర్ల పక్కన, అంచు మీద, పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో ‘నిద్ర లేదు’ అని ఉంది. “రాయడానికి గడి లేదు మేడమ్, మరిచిపోతానని ఇక్కడ రాసుకున్నా” అన్నారు. అలాంటి పేర్లు పద్నాలుగు. అందరి ఇళ్లకూ వెళ్లాం. వాళ్లలో ముగ్గురు ఇప్పటికీ మా దగ్గరికి మందుకు వస్తున్నారు.