ఖాళీగా ఉన్న అద్దె ఇంటికి దొంగల బెడద: అపోహలు - వాస్తవాలు

విదేశాల్లో ఉండే యజమానుల తరఫున హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట వైపు అద్దె ఇళ్లు చూసుకోవడం నా పని. జ్యేష్ఠం చివర్లో ఖాళీ అయిన ఇంట్లోకి ఆషాఢంలో ఎవరూ దిగరు. శ్రావణం వచ్చేదాకా తాళమే. నాకు టెన్షన్ అంతా ఆ నెల రోజులే.

అపోహ: సామాను లేని ఇంట్లో దొంగకేం దొరుకుతుంది?

యజమానులు ముందుగా అడిగేది ఇదే. బంగారం కోసం వచ్చేవాడు వేరు, ఖాళీ ఇంటికి వచ్చేవాడు వేరు. ఇత్తడి కుళాయిలు, గీజర్, ఏసీ బయటి యూనిట్, బోరు మోటారు, స్విచ్‌బోర్డుల్లోంచి లాగేసిన రాగి వైరు అన్నీ పాత సామాను కొట్లో తూకానికి పోతాయి. వాడికి దక్కేది కొంచెమే. మనం మాత్రం ఇల్లంతా వైరింగ్ మళ్లీ చేయించుకోవాలి. ఒక ఇంట్లో కుళాయిలు విప్పుకుపోయారు, ట్యాంకులో నీళ్లన్నీ గదుల్లోకి పారాయి. చెక్క అల్మారాలు, తలుపులు ఉబ్బిపోయాయి. కుళాయిల ఖరీదు దాని ముందు ఏ మూలకూ రాదు. అందుకే ఇల్లు ఖాళీ అయిన రోజే ట్యాంకు దగ్గర వాల్వు కట్టేస్తాను.

అపోహ: పెద్ద తాళంకప్ప వేస్తే చాలు.

కప్ప ఎంత గట్టిదైనా, చిన్న స్క్రూలతో బిగించిన గొళ్లెం ఇనుపరాడ్డు పెట్టి లాగితే ఊడొస్తుంది. పైగా బయట వేలాడే కప్ప లోపల ఎవరూ లేరని వీధికంతా చెబుతుంది. తలుపులోనే ఇమిడిపోయే లాక్ వేయించండి. గొళ్లెం ఉంటే తలుపు అవతలి వైపు దాకా వెళ్లే బోల్టులతో బిగించండి. పాత అద్దెదారు తాళంచెవులు ఇచ్చేసినా లాక్ సిలిండర్ (తాళంచెవి దూరి తిరిగే భాగం) మార్చాల్సిందే. డూప్లికేట్లు ఎవరెవరి దగ్గర ఉన్నాయో వాళ్లకే గుర్తుండదు. వెనక బాల్కనీ, మేడ మీది తలుపు, బాత్రూం వెంటిలేటర్ మర్చిపోవద్దు.

అపోహ: లైటు వేసి ఉంచితే మనుషులున్నారనుకుంటారు.

పట్టపగలు కూడా వెలుగుతున్న వరండా లైటును చూస్తే ఎవరికైనా విషయం అర్థమైపోతుంది. చీకటి పడితే వెలిగి, తెల్లారితే ఆరిపోయే సెన్సర్ బల్బు పెట్టండి. రెక్కీకి వచ్చినవాడు చూసేది ఊడ్వని వాకిలి, గ్రిల్‌లో ఇరుక్కుపోయిన కరెంటు బిల్లు, గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు. పక్కింట్లో పనిచేసే ఆవిడకు నెలకింత అని ఇచ్చి రోజూ వాకిలి ఊడ్పించి ముగ్గు వేయిస్తాను. నేను చూసుకునే ఇళ్లను తాళాల కన్నా ఆ ముగ్గే ఎక్కువ కాపాడిందని నా నమ్మకం.

అపోహ: సీసీ కెమెరా ఉందిగా!

కరెంటో ఇంటర్నెట్టో ఆపేస్తే మీ ఫోన్‌కు ఏమీ రాదు. రికార్డింగ్ బాక్సు ఇంట్లోనే ఉంటే దాన్నీ పట్టుకుపోతారు.

అపోహ: పోలీసులకు చెప్పి లాభం లేదు.

స్టేషన్‌లో చెప్పి ఉంచితే రాత్రి గస్తీలో ఆ ఇంటి మీద ఓ కన్ను వేయమని అడగొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే తాళం వేసిన ఇళ్ల కోసం పోలీసులదే ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అనే యాప్ ఉంది.

అపోహ: తాళం పగిలి ఉంటే ముందు లోపలికెళ్లి ఏం పోయిందో చూసుకోవాలి.

వద్దు. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. గేటు బయటే నిలబడి 100కో 112కో ఫోన్ చేయండి. క్లూస్ టీం వచ్చేదాకా తలుపు, అల్మారా ఏవీ ముట్టుకోవద్దు. ఏం పోయిందో చెప్పడానికి, ఇల్లు ఖాళీ అయిన రోజు గదిగదికీ తీసి పెట్టుకున్న వీడియో ఉంటే చాలు. గీజర్, ఏసీల సీరియల్ నంబర్లు కూడా అందులో పడేలా తీయండి.