మొదటి పది మీటర్లు

అండమాన్ టూరు అనుకున్న ఇంట్లో, సిలిండర్ గాలి పీలుస్తూ సముద్రంలోకి దిగే స్కూబా డైవింగ్‌కి పేరున్న హావ్‌లాక్ దీవి (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) మాట రాగానే ఒక వాదన మొదలవుతుంది. "ఈతే రాదు, సముద్రం అడుక్కి పోతానంటావేంట్రా?" అని అమ్మ. "ఈత రాకపోయినా పర్లేదంటమ్మా, పక్కనే మనిషుంటాడంట" అని కొడుకు. కొడుకు చెప్పింది నిజమే. అక్కడి డైవ్ సెంటర్లు ఈత రానివాళ్లను కూడా తీసుకెళ్తాయి. ఒంటికి గాలి నింపుకునే జాకెట్ ఉంటుంది, నోట్లో గాలి గొట్టం ఉంటుంది, వెనక నుంచి ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటాడు. మునిగిపోతామన్న భయానికి పెద్దగా పని లేదు. అయితే అమ్మ భయాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యడానికీ లేదు. నీళ్లలో జాగ్రత్తపడాల్సింది పీడనం గురించి, ఆ పీడనం నీటి పైభాగం దగ్గరే ఎక్కువ ఆటాడిస్తుంది.

లోతు తక్కువైతే ప్రమాదమూ తక్కువే అని సహజంగా అనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. సముద్ర మట్టం దగ్గర మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. నీళ్లలో ప్రతి పది మీటర్లకూ ఇంకో వాతావరణం కలుస్తుంది. అంటే పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు, ముప్పై దగ్గర నాలుగు. ఇరవై నుంచి ముప్పైకి దిగితే పీడనం మూడో వంతే పెరుగుతుంది. అదే పైనుంచి మొదటి పది మీటర్లు దిగితే ఏకంగా రెట్టింపు. పీడనం రెట్టింపైతే గాలి పరిమాణం సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే చెప్పాడు. మన ఒంట్లో గాలి ఉన్న చోట్లన్నీ, అంటే చెవులు, సైనస్‌లు, ఊపిరితిత్తులు, ఆ మాట వినాల్సిందే. అనుభవం ఉన్న డైవర్ నలభై మీటర్ల దాకా పోతాడు. మొదటిసారి దిగేవాళ్లకు పన్నెండు మీటర్లే హద్దు. పీడనం అన్నిటికన్నా ఎక్కువగా మారే ఆ మొదటి మెట్లు మాత్రం ఇద్దరూ దిగాల్సినవే.

మొదట చెప్పేది చెవి. రెండు మూడు మీటర్లకే నొప్పి తెలుస్తుంది. కర్ణభేరికి బయట నీటి ఒత్తిడి పెరిగింది, లోపల మధ్య చెవిలో ఇంకా పైనున్నప్పటి గాలే ఉంది. ఆ గదికి గొంతు వెనక నుంచి ఒక సన్నటి దారి ఉంది, యూస్టేషియన్ నాళం. ముక్కు మూసుకుని మెల్లగా గాలి నొక్కితే ఆ దారి తెరుచుకుని లోపలికి గాలి పోతుంది, నొప్పి పోతుంది. ఈ ఉపాయానికి ఇటలీ శరీర శాస్త్రజ్ఞుడు వల్సాల్వా పేరు పెట్టారు. కొత్తవాళ్లు నొప్పి పుట్టాక నొక్కుదాంలే అని ఆగుతారు. అప్పటికి బయటి ఒత్తిడికి ఆ నాళం నోరు మూసుకుపోయి ఉంటుంది, ఎంత నొక్కినా తెరుచుకోదు. ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించడం తప్ప దారి లేదు. నొప్పి రాకముందే, దిగిన ప్రతి మీటరుకీ నొక్కుకుంటూ పోవాలి. జలుబుంటే ఆ దారి అసలే వాచి ఉంటుంది. మాత్ర మింగి దిగేద్దాం అనుకోకండి. నీళ్లలో ఉండగానే మందు పనిచెయ్యడం ఆగిపోతే, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే గాలికి బయటికి దారి ఉండదు.

ఉదయం డైవ్ సెంటర్‌లో సంతకం పెట్టించుకునే ఆరోగ్య ఫారంలో ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం గురించి అడిగేది ఇందుకే. అన్నింటికీ 'లేదు' అని టిక్కు కొట్టి పెన్ను పక్కవాళ్లకిచ్చే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. బ్యాంకు ఫారం నింపినట్టు నింపేది కాదిది.

తర్వాత నడుము లోతు నీళ్లలో పాఠం. మాస్కులోకి నీళ్లొస్తే ముక్కుతో ఊది ఎలా బయటికి పంపాలి, నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ జారితే ఎలా వెతికి పెట్టుకోవాలి, చెవులు ఎలా నొక్కాలి. కాసిని సైగలు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు అండమాన్‌లో చాలామందే ఉన్నారు కాబట్టి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) బజారులో తెలుగు చెవిన పడటం వింతేం కాదు. నీళ్లలోకి దిగాక మాత్రం ఏ భాషా పనిచెయ్యదు. బొటనవేలు పైకెత్తి చూపడం మనకు 'సూపర్' అన్నట్టు. డైవర్లకు అది 'పైకి పోదాం' అని. చేపల్ని చూసిన సంబరంలో బొటనవేలు ఎత్తి, డైవ్ ఆపించుకుని పైకి తేలినవాళ్లు ఉంటారు. బాగానే ఉన్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఒక్కటే: ఊపిరి బిగబట్టకూడదు. వినడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. చెరువులోనో కాలవలోనో మునిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టమనే చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. అక్కడ అది సరైన పనే, ఎందుకంటే పైన పీల్చిన గాలి కిందికి పోతే కుంచించుకుంటుంది, పైకొస్తే మళ్లీ మొదటంత అవుతుంది. స్కూబాలో కిందే గాలి పీలుస్తాం. పది మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన ఐదు లీటర్ల గాలి, బిగబట్టి పైకొస్తే పది లీటర్లవుతుంది. ఊపిరితిత్తుల్లో అంత చోటు లేదు. సన్నటి గాలి గదులు చిట్లి, ఆ గాలి రక్తంలోకి చేరి మెదడు దాకా పోయే ప్రమాదం ఉంది. నిండు ఊపిరితో మీటరు, మీటరున్నర పైకి లేచినా ఇది జరగొచ్చు. నీళ్లలో ఏ క్షణంలోనైనా గాలి లోపలికో బయటికో కదులుతూ ఉంటే ఈ భయం లేదు. కంగారుపడి ఊపిరి బిగబట్టి పైకి ఎగబాకడమే కొత్తవాళ్లు చెయ్యగల అతిపెద్ద తప్పు. ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్‌ని వదలకుండా పట్టుకునేది ముఖ్యంగా దీనికోసం.

వీపున మోసేదాన్ని అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు గానీ అందులో ఉండేది మామూలు గాలే. వడకట్టి, తేమ తీసి, సుమారు 200 వాతావరణాల ఒత్తిడితో కుక్కుతారు. అంత ఒత్తిడి నేరుగా నోట్లోకొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దాన్ని రెండు అంచెల్లో తగ్గించి, మనం ఉన్న లోతులో నీటి పీడనం ఎంతో సరిగ్గా అంతే పీడనంతో, పీల్చినప్పుడు మాత్రమే అందించే పరికరం రెగ్యులేటర్. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ కలిసి దీన్ని తయారుచేశారు. యుద్ధకాలపు పెట్రోలు కరువులో గ్యాస్‌తో కార్లు నడపడానికి ఇంజనీరు గాన్యాన్ చేసిన వాల్వే దీనికి ఆధారం.

గాలిలో ఐదింట నాలుగొంతులు నత్రజని. పైన అది మనల్ని ఏమీ చెయ్యదు. పీడనం పెరిగిన కొద్దీ ద్రవంలో వాయువు ఎక్కువ కరుగుతుందని 1803లో విలియం హెన్రీ చూపించాడు. కాబట్టి లోతులో గడిపిన కొద్దీ రక్తంలో, కొవ్వులో నత్రజని కరుగుతూ పోతుంది. గబుక్కున పైకొస్తే గోలీ సోడా గోలీ నొక్కినట్టే, కరిగినది బుడగలై లేస్తుంది. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా దారితీసే జబ్బు ఇది.

దీనికి లెక్క కట్టినవాడు స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. మేకల్ని పీడన గదిలో పెట్టి, రకరకాల వేగాలతో పీడనం తగ్గించి చూశాడు. బుడగలు పట్టిన మేక నొప్పెట్టే ముందుకాలు ఎత్తి పట్టుకునేది. అలా చూసి, లెక్కలు వేసి, ఎంత లోతు నుంచి ఎంత నిదానంగా రావాలో చెప్పే పట్టికలు 1908లో ఆయన బృందం ప్రచురించింది. నేటి డైవర్ల చేతి గడియారంలో ఉండే కంప్యూటర్‌కి మూలం అదే.

ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ మేకల దాకా కూడా పోలేదు, తనే గదిలో కూర్చున్నాడు. 1939లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, నీటి కింద ఏ వాయువు ఎంత పీడనంలో మనిషిని ఏం చేస్తుందో తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్చి మూర్ఛలు తెచ్చుకున్నాడు, వెన్నుపూస దెబ్బతింది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ని ఆరు మీటర్లు దాటి పీల్చకూడదని ఈనాడు డైవర్లు చెప్పుకోవడం వెనక ఇలాంటి ప్రయోగాలున్నాయి. కర్ణభేరికి చిల్లు పడితే, చెవిలోంచి చుట్టపొగ వదలొచ్చు, నలుగురిలో అదో విద్య అని నవ్వేసిన మనిషి. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వమని రాసిపెట్టాడు. అది చేరింది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకే.

పెద్ద హాల్డేన్‌తో మొదలైన డైవ్ పట్టికల లెక్కలో చూస్తే, తొలి డైవ్‌కి పెట్టిన పన్నెండు మీటర్ల హద్దు భద్రమైనదే. ఆ లోతులో రెండు గంటలున్నా మధ్యలో ఆగకుండా పైకి రాగలిగినంతే నత్రజని కరుగుతుంది. కొత్తవాళ్లు ఉండేది అరగంట, ముప్పావుగంట. అయినా డైవ్ చేసిన రోజే విమానం ఎక్కకూడదు. విమానం క్యాబిన్‌లో పీడనం సుమారు రెండు వేల మీటర్ల ఎత్తు కొండమీద ఉన్నంతే ఉంటుంది, మిగిలిన నత్రజనికి అది చాలు. ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు ఆగమంటారు. నన్నడిగితే రోజంతా వదిలేయడం మేలు. హావ్‌లాక్‌ని చివరి రోజుకి పెట్టే టూర్ ప్యాకేజీల్ని ముందే మార్పించుకోండి.

ఇంతకీ ఆ పన్నెండు మీటర్లలో చూడ్డానికి ఏముంటుంది? దాదాపు అంతా ఉంటుంది. మనిషికి తేలికైన లోతూ, పగడాలకు ఇష్టమైన లోతూ ఒకటే కావడం మన అదృష్టం. పగడం జంతువు. గోరంత కూడా లేని పాలిప్‌లు వేలాదిగా కలిసి సున్నపు గూళ్లు కట్టుకుంటాయి. వాటి కణాల్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. పగటిపూట ఎండతో ఆహారం చేసి అందులో ఎక్కువ భాగం ఇంటి యజమానికే ఇస్తుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలా వచ్చేదే. ఎండ లేకపోతే ఈ కాపురం సాగదు, అందుకే పగడపు దిబ్బలు (రీఫ్‌లు) లోతు తక్కువ ఉన్న తేటనీళ్లలోనే పెరుగుతాయి. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్లు పెరిగితే, గుండ్రటి పోరైటిస్ రకం ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మనిషెత్తు పగడపు బండ కనిపిస్తే దాని వయసు మీరే లెక్కేసుకోవచ్చు.

ఇంత పొడుగు తీరం ఉండి మన ఆంధ్రాలో ఈ దిబ్బలెందుకు లేవు అంటే, గోదావరి, కృష్ణలు తెచ్చే ఒండ్రు, మంచినీరు. బురద పాలిప్‌ల మీద పేరుకుంటుంది, ఎండని ఆపుతుంది. విశాఖ రుషికొండలోనూ స్కూబా చేయిస్తారు, అక్కడ రాళ్లూ చేపలూ ఉంటాయి గానీ అండమాన్ లాంటి దిబ్బ ఉండదు. దేశంలో పెద్ద దిబ్బలున్నవి కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు.

హావ్‌లాక్‌లో కొత్తవాళ్లని ఎక్కువగా తీసుకెళ్లేది నీమో రీఫ్‌కి. పడవక్కర్లేదు, ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగొచ్చు. తల మునగగానే ముందు వినిపించేది మీ ఊపిరే, బుడబుడమంటూ. దాని వెనకాల నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఆగని చప్పుడు. బండల సందుల్లో ఉండే చిన్న రొయ్యలు డెక్కల్ని టక్కున మూసే చప్పుడది. నీటిలో ధ్వని గాలిలోకన్నా నాలుగింతల వేగంతో పోతుంది కాబట్టి ఎటునుంచి వస్తోందో చెవులు పోల్చుకోలేవు, అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది. చిలకచేప ముక్కుతో పగడపు బండని కొరికే కరకర కూడా వినొచ్చు. బండమీది నాచుతో పాటు సున్నాన్నీ మింగి, తెల్లటి ఇసుకగా విసర్జిస్తుంది. దిబ్బలున్న చోట తీరంలో మనం ముచ్చటపడి నడిచే తెల్ల ఇసుకలో వాటి వాటా బాగానే ఉంటుంది.

రీఫ్‌కి పేరిచ్చిన నారింజ రంగు క్లౌన్ చేప (కార్టూన్ సినిమాలో నీమో) కోసం అందరూ వెతుకుతారు. అది సముద్రపు ఎనిమోన్ అనే, పువ్వులా కనిపించే జంతువు విషపు కుచ్చుల్లోనే ఉంటుంది, ఒంటి జిగురు వల్ల విషం తగలదు. ఒక్కో ఎనిమోన్‌లో అన్నిటికన్నా పెద్దది ఆడది, తర్వాతది దాని మగడు, మిగతావి పిల్లకాయలు. ఆడది చనిపోతే మగడే ఆడదిగా మారిపోతాడు. చేప అరచేతంత ఉందని మీకనిపిస్తే కొంత తగ్గించుకోండి. మాస్కులోంచి చూస్తే నీటి వక్రీభవనం వల్ల ఏదైనా మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. రంగులూ నమ్మకూడదు. ఎరుపు కొద్ది మీటర్లకే ఇంకిపోతుంది. బూడిద రంగులో కనిపించే కొమ్మ మీద టార్చి వేస్తే ఒక్కసారిగా ఎర్రబడుతుంది.

ఏదీ ముట్టుకోకండి. కాళ్లకు తొడిగే ఫిన్ ఒక్క దెబ్బకి పదేళ్ల పెరుగుదల విరిగిపోతుంది. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులి ఉన్న జాబితాలో ఉన్నాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముక్కైనా సంచీలో వేసుకోవద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఆగి, ఎండ మండి సముద్రం అద్దంలా ఉంటే డైవర్లకు పండగే. పగడాలకు మాత్రం గడ్డుకాలం. నీరు మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, పాలిప్‌లు తమ లోపలి నాచుని బయటికి నెట్టేస్తాయి. రంగులో ఎక్కువ భాగం నాచుదే కాబట్టి సున్నం తెల్లగా బయటపడుతుంది. అండమాన్‌లో 1998, 2010, 2016లలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. మెరిసే తెలుపులో కొమ్మ కనిపిస్తే అది ఇంకా చావలేదు, ఆకలితో ఉందని అర్థం. నీరు చల్లబడితే కొన్ని వారాల్లో, నెలల్లో నాచు తిరిగి చేరుతుంది. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో నూగు పట్టి కనిపిస్తే మాత్రం ఆ పగడం చచ్చిపోయిందన్నమాట. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ వేలు పెట్టి చూపిస్తే తేడా మొదటిసారి దిగినవాళ్లకైనా తెలుస్తుంది.