పంపు ముందు జల్లెడ ఎంత సన్నగా ఉండాలి?

బైకులూ కార్లూ కడిగే సర్వీసింగ్ షెడ్డులో పంపు తల విప్పి చూస్తే మూడు తెల్లటి పింగాణీ ప్లంజర్లు (ముందుకీ వెనక్కీ ఆడుతూ నీటిని నెట్టే కడ్డీలు) కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఇసుక నీళ్లు తాగిన పంపులో కూడా అవి చాలాసార్లు నిగనిగలాడుతూనే ఉంటాయి. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో ఇసుకలోని క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటే, ప్లంజరు తొడుగుగా ఉండే అల్యూమినా పింగాణీ 9 దగ్గర ఉంటుంది. పంపు తలకు వాడే ఇత్తడి మాత్రం దాదాపు 3. ఇసుకకు ప్లంజరు లొంగదు. దాన్ని చుట్టుకుని ఉండే రబ్బరు సీళ్లు, ఇత్తడి, వాల్వు సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) లొంగుతాయి.

వాల్వు సంగతే చూడండి. సీటు మీద వాల్వు పూర్తిగా కూర్చోకుండా ఒక్క రేణువు అడ్డుపడింది. 150 బార్ ఒత్తిడిలో ఉన్న నీరు ఆ సందులోంచి వెనక్కి దూరుతుంది. ఆ ఒత్తిడంతా వేగంగా మారితే సెకనుకు 170 మీటర్లు, అంటే గంటకు 600 కిలోమీటర్ల పైమాటే. దానికి తోడు నీళ్లలో ఇసుక కూడా ఉంటే స్టీలు సీటు మీదైనా గాడి పడుతుంది. గాడి పడ్డాక రేణువు కొట్టుకుపోయినా లీకు ఆగదు. బయటికి కనిపించేది ప్రెషర్ మీటరు ముల్లు వణకడం, గన్ను హోస్ ఎగిరెగిరి పడటం.

ఈ దశలో చాలామంది చేసే పని, బాగా సన్నటి ఫిల్టరు కొని పంపు సక్షన్‌కి, అంటే నీరు లోపలికి వచ్చే వైపుకి, బిగించడం. ఇంట్లో మంచినీళ్ల మెషిన్ ముందు ఉండే 10 అంగుళాల గిన్నె, లోపల 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కార్ట్రిడ్జ్, అంటే మార్చుకునే వడపోత గొట్టం. చూడ్డానికి తెలివైన పనిలా ఉంటుంది గానీ, ఇసుక కన్నా ముందు ఇదే పంపు ప్రాణం తీయగలదు.

కారణం ఇది. పంపు నీటిని లాగుతుందని మనం అంటాం. నిజానికి ప్లంజరు వెనక్కి జరిగి ఖాళీ చేస్తుందంతే. ఆ ఖాళీలోకి నీటిని నెట్టేది ట్యాంకు నీటి మీద ఉన్న గాలి. గాలి ఒత్తిడి సుమారు 1 బార్. పంపు బయటికి 150 బార్లు ఇచ్చినా లోపలికి రావడానికి చేతిలో ఉన్న పెట్టుబడి ఆ ఒక్క బారే. పైపు, మోచేయి, ఫుట్‌వాల్వు, ఫిల్టరు అన్నీ అందులోంచే ఖర్చుపెట్టాలి. పైగా నిమిషానికి 900 చుట్లు తిరిగే పంపులో ఒక్కో ప్లంజరుకు నీళ్లు నింపుకోవడానికి దొరికేది సెకనులో 30వ వంతు. ఆలోపు నీరు అందకపోతే లోపల ఒత్తిడి పడిపోయి నీరు అక్కడే ఆవిరి బుడగలుగా మారుతుంది. ప్లంజరు ముందుకు రాగానే ఆ బుడగలు పేలినట్టుగా కుంగిపోయి, చుట్టూ ఉన్న లోహాన్ని తొలిచేస్తాయి. దీన్నే కేవిటేషన్ అంటారు. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వస్తుంది. విప్పి చూస్తే ఇత్తడి మీద అమ్మవారు పోసినట్టు గుంటలు. 30 డిగ్రీల దగ్గర నీరు ఆవిరవ్వాలంటే ఒత్తిడి 0.04 బార్‌కి పడాలి. ఎండకు కాగి 45 డిగ్రీలకు చేరిన ట్యాంకు నీటికి 0.1 బార్ చాలు. మే నెలలో మధ్యాహ్నం పూటే పంపు చప్పుడు మారడం వెనక ఇదొక కారణం.

ఇప్పుడు ఆ ఇంటి ఫిల్టరు గిన్నె లెక్క చూద్దాం. దాని నోరు పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల రంధ్రం. నిమిషానికి 15 లీటర్లు తోడే పంపుకు ఆ రంధ్రంలో నీరు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. ఆ వేగం అందుకోవడానికే 0.4 బార్ పోతుంది. కార్ట్రిడ్జ్ సంగతి ఇంకా మొదలే కాలేదు. అదే 15 లీటర్లు ఒక అంగుళం పైపులో సెకనుకు అర మీటరు వేగంతో తాపీగా వస్తాయి. కాబట్టి ఫిల్టరు కొనేటప్పుడు మైక్రాన్లు అడగడానికి ముందు నోటి సైజు అడగండి. పంపు సక్షన్ రంధ్రం కన్నా చిన్నది వద్దు. ఫిల్టరు మీద రాసిన ప్రవాహం పంపు తోడేదానికి కనీసం రెట్టింపు ఉండాలి. కొత్తగా ఉన్నప్పటి లెక్క కాదు, సగం మూసుకుపోయినప్పటి లెక్క కావాలి మరి.

సన్నటి వడపోత అక్కర్లేదని కాదు. దాన్ని సక్షన్ మీద కాకుండా ఒక మెట్టు వెనక్కి, బోరు లేదా మేడ మీది ట్యాంకు నుంచి పంపు ట్యాంకు నిండే లైనులో పెట్టాలి. అక్కడ బోరు మోటారు ఒత్తిడి ఉంటుంది. మేడ మీది ట్యాంకైతే ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ 1 బార్ ఉంటుంది. ఫిల్టరు మూసుకుపోతే ట్యాంకు ఆలస్యంగా నిండుతుంది, అంతే. పంపు సక్షన్ దగ్గర మాత్రం 60 నుంచి 80 మెష్ స్టీలు జాలీ, వీలైనంత పెద్దది చాలు. అది ట్యాంకులో పడ్డ ఆకునో, ప్లాస్టిక్ ముక్కనో ఆపే కాపలాదారు మాత్రమే.

మెష్ అంటే అంగుళానికి ఎన్ని కన్నాలన్న లెక్క. అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది. 60 మెష్ సుమారు 250 మైక్రాన్లు, 100 మెష్ 150, 200 మెష్ 75. మైక్రాన్లలో రాసేటప్పుడు లెక్క తిరగబడుతుంది, అంకె తగ్గితేనే సన్నం. దుకాణంలో ఈ తికమక వల్ల తప్పు సరుకు ఇంటికి రావడం మామూలే. ఇంకో మాట: కార్ట్రిడ్జ్ మీద 5 మైక్రాన్లని ఉన్నంత మాత్రాన ఆ సైజు రేణువులన్నీ ఆగవు. చవక రకాల మీద ఉండేది నామినల్ అంకె, ఎక్కువ భాగం ఆపుతుందని అర్థం. దాదాపు అన్నీ ఆపే రకానికి అబ్సల్యూట్ అని పేరు, ధర కూడా అలాగే ఉంటుంది. కార్లు కడిగే పంపుకు ఆ ఖర్చు దండగ.

మీ నీటికి ఏది కావాలో తేల్చడానికి పారదర్శకమైన సీసా చాలు. మోటారు వేసిన మొదటి నిమిషంలో ఒక సీసా, పావుగంట తర్వాత ఇంకొకటి పట్టండి. బాగా ఊపి, 20 సెంటీమీటర్ల నీటి ఎత్తుతో కదపకుండా ఉంచండి. 100 మైక్రాన్ల ఇసుక అర నిమిషంలోపే అడుక్కి చేరుతుంది. 50 మైక్రాన్లదానికి నిమిషమో, నిమిషంన్నరో. 10 మైక్రాన్ల ఒండ్రుకు అరగంట పైగా, 2 మైక్రాన్ల బంకమట్టికి అర రోజు పడుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల ఒండ్రు నేలల్లో బోర్లు ఇసుక పోస్తాయి. అడుగున వెంటనే పేరుకుంటే అదే. దానికి హైడ్రోసైక్లోన్ బాగా పనిచేస్తుంది. నీటిని గిరగిరా తిప్పి సుమారు 75 మైక్రాన్లు దాటిన ఇసుకను పక్కకు తోస్తుంది, మార్చాల్సిన కార్ట్రిడ్జ్ ఏదీ ఉండదు. కాకపోతే దాని మీద రాసిన ప్రవాహం రాకపోతే నీరు తిరగదు, ఇసుక ఆగదు. తెలంగాణ, రాయలసీమ రాతి నేలల్లో నీటిమట్టం పడిపోయినప్పుడు సన్నటి బురద వస్తుంది. అలాంటప్పుడు ముందు 130 మైక్రాన్ల డిస్క్ ఫిల్టరు (డ్రిప్ పెట్టిన రైతులకు తెలిసినదే), తర్వాత 20 అంగుళాల జంబో గిన్నెలో 25 లేదా 50 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ సరిపోతాయి. గంటలు గడిచినా మసకగానే ఉండే నీరైతే ఫిల్టరు కన్నా రాత్రంతా తేర్చుకునే రెండో ట్యాంకు చవక.

కరిగి ఉన్నదాన్ని మాత్రం ఏ జాలీ ఆపలేదు. బోరు నుంచి తేటగా వచ్చి, కాసేపటికి గోధుమ రంగు తిరిగే నీటిలో ఇనుముంది. దాన్ని ట్యాంకులోకి జల్లులా పోసి గాలి తగలనిస్తే చిలుముగా మారుతుంది, అప్పుడు వడగట్టొచ్చు. వాల్వుల మీద తెల్లటి పొర కడితే అది నీటి కఠినత్వం. దానికి సాఫ్ట్‌నర్ కావాలి.

పంపు తర్వాత ఏముందన్నది కూడా చూడాలి. కోళ్ల షెడ్లలో మంచులా నీళ్లు చిమ్మే ఫాగర్ల నాజిల్ రంధ్రం 0.2 మిల్లీమీటర్లు, అంటే 200 మైక్రాన్లు ఉండొచ్చు. చిన్న రేణువులే నాలుగైదు ఒకదానికొకటి ఆనుకుని రంధ్రానికి వంతెన కడతాయి. అందుకే రంధ్రంలో పదో వంతు, ఇక్కడ 20 మైక్రాన్లు, పై హద్దు. చాలామంది 5 దాకా వెళ్తారు. ఊళ్లలోని ఆర్వో ప్లాంట్లలో మెంబ్రేన్ (నీటిని శుద్ధి చేసే సన్నటి పొర) కోసం 5 మైక్రాన్లు మామూలే. మరి వీటిలో పంపు ఎందుకు ఆకలితో చావదు? ఫిల్టరుకు ముందు నీటిని తోసే ఇంకో చిన్న పంపు ఉంటుంది, తర్వాత ఒత్తిడి పడిపోతే పెద్ద పంపును ఆపేసే లో ప్రెషర్ స్విచ్ ఉంటుంది. ఆ రెండూ లేకుండా 5 మైక్రాన్ల జోలికి పోకండి.

ఫిల్టరుకు ముందొకటి, వెనకొకటి మీటరు పెడితే ఎప్పుడు మార్చాలో అవే చెబుతాయి. నింపే లైనులో తేడా కొత్తలో ఉన్నదాని కన్నా అర బార్ నుంచి 1 బార్ పెరిగితే మార్చాలి. సక్షన్ జాలీకి 0.1 పెరిగినా కడగాలి. దూదిలా ఉండే స్పన్ కార్ట్రిడ్జ్‌ని కడిగి మళ్లీ వాడకండి, లోపల ఇరుక్కున్నది బయటికి రాదు. మడతల రకాన్ని కడగొచ్చు. గిన్నె విప్పేటప్పుడు అడుగున ఉన్న బురద శుభ్రమైన వైపు పడకుండా చూసుకోవాలి.

సక్షన్ వైపు గిన్నె ఓరింగు సరిగ్గా పడకపోతే నడిచేటప్పుడు నీరు కారదు, గాలి దూరుతుంది. పంపు ఆపి, ట్యాంకు వాల్వు తెరిచి ఉంచి, గిన్నె అంచు చుట్టూ పొడి వేలు తిప్పితే తడి తగిలిన చోటే గాలి దారి. ట్యాంకు మట్టం గిన్నె కన్నా ఎత్తులో ఉంటేనే ఈ పరీక్ష పనికొస్తుంది.

చివరి ఫిల్టరుకూ పంపుకూ మధ్య జాయింట్లలో టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి మర వదిలేయండి. కొసన మిగిలిన పోగు తెగి, నేరుగా వాల్వు కింద చేరుతుంది. దాన్ని ఆపడానికి ఆ తర్వాత ఏ జల్లెడా లేదు.