దివ్యాంగ పసిపిల్లలు, అంగన్‌వాడీ శిక్షణ: దారి మారింది 2013లో

అంగన్‌వాడీ టీచర్ల పనిభారం మీద రగడ మళ్లీ రాజుకుంది. ఇంటికిచ్చే సరుకులకు 2025 జులై 1 నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరైంది. అప్పటి నుంచి చర్చంతా ఫోను, యాప్, సిగ్నల్ చుట్టూనే తిరుగుతోంది. వైకల్యం ఉన్న పసిపిల్లలను గుర్తించి కేంద్రంలో కలుపుకునే బాధ్యత కూడా ఈ టీచర్లదేనన్న సంగతి మాత్రం ఎవరి నోటా రావడం లేదు. అందుకు వాళ్లకు దక్కింది మూడు రోజుల శిక్షణ. అందులోనూ ఈ అంశం ఒక భాగం మాత్రమే.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసినవే. ఇప్పటి చిక్కుముడి పడింది మాత్రం 2013లో.

ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో జాప్యం కలిపి 30 సమస్యలకు పరీక్షలు. ఆరు వారాల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను అంగన్‌వాడీలోనే ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు వాహనంలో వస్తారు. అనుమానం ఉన్నవాళ్లను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. గ్రహణం మొర్రి, గుండెలో రంధ్రం, వంకర పాదం ఉన్న పిల్లలకు దీనివల్ల జరిగిన మేలును కాదనలేం. అయితే అదే ఊపులో వైకల్యం మొత్తం వైద్య శాఖ ఖాతాలోకి పోయింది. బండి వచ్చే రోజున పిల్లల్ని పోగుచేయడం, స్లిప్పు రాయించడం టీచర్ పనిగా మిగిలింది. మిగతా రోజుల్లో ఆ బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎలా తినిపించాలి, ఏ ఆట ఆడించాలి అన్నది ఏ శాఖా పట్టించుకోలేదు.

చట్టాలు కూడా ఈ ఖాళీని పూడ్చలేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచే మొదలవుతుంది. అంతకన్నా చిన్నవాళ్ల కోసం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని మాత్రం అంటుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల జాబితాను 21 రకాలకు పెంచింది గానీ ఉచిత విద్య హక్కును 6 నుంచి 18 ఏళ్లకే ఇచ్చింది. 2018లో పోషకాహార పథకం పోషణ్ అభియాన్ కింద టీచర్లకు నెలనెలా నేర్పేందుకు 21 పాఠాలు వచ్చాయి. అవీ ప్రధానంగా బరువు, పాలు, రక్తహీనత చుట్టూనే నడిచాయి.

2023 నవంబర్ 28న ఢిల్లీలో దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదలైంది. లక్షణాలు కనిపెట్టడం, కుటుంబానికి అండగా ఉంటూ బిడ్డను అందరిలో కలపడం, ఆశా, ఏఎన్ఎం, వైద్య బృందం ద్వారా చికిత్సకు పంపడం అన్నవి అందులోని మూడు అంచెలు. శిక్షణకు 300 కోట్లు కేటాయించామని అప్పటి కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రి స్మృతి ఇరానీ ప్రకటించారు. ఆలోచన మంచిదే. పదేళ్ల తర్వాతైనా బిడ్డను మళ్లీ కేంద్రంలోకి తెచ్చింది. ఆ తర్వాత రెండు వారాలకే, డిసెంబర్ 12న, ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు వేతనాలు, గ్రాట్యుటీ కోసం సమ్మెకు దిగారు. అప్పుడు టీచర్ గౌరవ వేతనం 11,500 రూపాయలు. అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా సమ్మె 42 రోజులు సాగింది. పని పెరిగిన వేగం, వేతనం పెరిగిన వేగం పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్ల వాదనలో బలం తెలుస్తుంది.

మూడు రోజులు ఎందుకు చాలవో తూకం దగ్గరే తెలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పే స్థితి) మోకాళ్లు బిగుసుకున్న బిడ్డను కొలబల్ల మీద పడుకోబెడితే పొడవు తక్కువ వస్తుంది. పొడవు తగ్గితే ఆ పొడవుకు బరువు సరిపోయినట్టే టీచర్ ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్ చూపిస్తుంది. చిక్కి శల్యమైన బిడ్డ ‘సాధారణం’ గడిలో పడిపోతాడు. ఒకవేళ తక్కువ బరువు బయటపడినా, నేర్పిన మందు ఒక్కటే: తిండి పెంచమనడం. అక్కడ కొరత తిండిది కాదు, మింగడంలో ఉంది.

ఇలాంటి బిడ్డకు బాలామృతం (అంగన్‌వాడీలో ఇచ్చే పిల్లల ఆహార పొడి) చెంచా నుంచి జారిపోనంత చిక్కగా కలపాలి. బిడ్డను పడుకోబెట్టి పోయకూడదు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, తుంటి, మోకాళ్లు వంచి, గడ్డం కాస్త కిందికి ఉండేలా పట్టుకోవాలి. చెంచా ఎదుటి నుంచి, నోటికి సమానంగా రావాలి. పైనుంచి తెస్తే బిడ్డ తల వెనక్కి వాలుస్తాడు, మెతుకు శ్వాసనాళంలోకి పోతుంది. అర చెంచా పెట్టి, మింగాకే రెండోది. పల్చటి ప్లాస్టిక్ చెంచా వద్దు, కొరికితే విరుగుతుంది. తిన్నాక ఓ అరగంట నిటారుగానే ఉంచాలి. తినేటప్పుడు దగ్గు, కళ్లలో నీళ్లు, గొంతులో గురగుర వస్తే ఆపేసి ఆస్పత్రికి పంపాలి. ఇది చార్టు చూపిస్తే వచ్చే విద్య కాదు, ఒక తల్లినీ బిడ్డనూ ఎదురుగా పెట్టుకుని చేయించాలి. కేంద్రంలో అన్నం తినిపించేది చాలాచోట్ల ఆయా. ఆమెను కూర్చోబెట్టని శిక్షణ సగం దారిలోనే ఆగిపోతుంది.

గుర్తించడంలోనూ అంతే. నాలుగు నెలలకు మెడ నిలపకపోవడం, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోవడం, ఏడాదిన్నరకు నడక గానీ ఒక్క మాట గానీ రాకపోవడం చాలామంది టీచర్లు చెప్పగలరు. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు ఆ రెండు నెలలు తీసేసి లెక్కేయాలన్న దగ్గరే తప్పు జరుగుతుంది. లేనిపోని భయం పుడుతుంది. అలా ఒకసారి భయపెట్టాక నిజంగా పంపాల్సిన బిడ్డనూ తల్లి పంపదు.

తల్లిదండ్రులకు వైకల్యం అనగానే వైకల్య సర్టిఫికెట్టు ఇచ్చే సదరం క్యాంపు, పింఛను గుర్తొస్తాయి. కేంద్రంలో కూర్చోవడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదని మొదటి రోజే గట్టిగా చెప్పాలి. ఐదేళ్ల లోపు ఎదుగుదల జాప్యానికి ఇచ్చేది ఎలాగూ తాత్కాలిక సర్టిఫికెట్టే.

అసలు మూడేళ్ల లోపు పిల్లలు కేంద్రానికి వచ్చేది తూకానికి, సరుకులకే. వాళ్లను కలుపుకోవడమంటే ఇంటికి వెళ్లడమే. 2024 మార్చిలో మూడేళ్ల లోపు పిల్లల కోసం వచ్చిన నవచేతన మార్గదర్శిక 36 నెలలకు 140 ఆటపాటలు ఇచ్చింది. వాటిని ఒక్కో ఇంట్లో చూపించడానికి పట్టే సమయాన్ని ఇప్పుడు ఫోటోలు, ఓటీపీలు తింటున్నాయి. సంఘాలతో ఈసారి చర్చలకు కూర్చునేటప్పుడు యాప్ ఒక్కటే తేలితే చాలదు. శిక్షణ ముగిశాక ఫిజియోథెరపిస్టును వెంటబెట్టుకుని సూపర్‌వైజర్ ఎన్ని ఇళ్లకు వెళ్తారు, ఆ రోజు కేంద్రం ఎవరు నడుపుతారు, చికిత్స కేంద్రం నుంచి ‘ఇలా కూర్చోబెట్టండి, ఇలా తినిపించండి’ అన్న సూచన టీచర్‌కు ఏ రూపంలో తిరిగొస్తుంది అన్నవి రాతపూర్వకంగా తేలాలి.