డిగ్రీ విద్యార్థికి పరిశోధన ఎందుకింత ఆలస్యంగా వచ్చింది

మే నెల, విశాఖ ఫిషింగ్ హార్బర్. ఎండు చేపలు అమ్మే ఒకావిడ ముందు మా డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయిలు ముగ్గురు గొంతుక్కూర్చున్నారు. చేతిలో ప్రశ్నావళి. ఏడో ప్రశ్న: మీ కుటుంబ నెలసరి ఆదాయం ఎంత? దాని కింద నాలుగు గడులు. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

ఆవిడ నవ్వేసింది. “నెలజీతమేటమ్మా మాకు? ఏ రోజుది ఆ రోజే. ఇప్పుడైతే అసలు వేటే లేదు కదా.”

నిజమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మా సర్వే సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్టాం, ఎందుకంటే కాలేజీకి సెలవులు అప్పుడే. అమ్మాయిలు నా వైపు చూశారు. “ఏ గడిలో పెట్టమంటారు మేడమ్?”

నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆ ప్రశ్నావళి చూసి సరే అన్నది నేనే. ఆవిడ మాటతో అందులో సగం ప్రశ్నలు పనికిరావని ఆ పిల్లలకు తెలిసింది, నాకూ తెలిసింది. ఏడాదంతా క్లాసులో చెప్పినా రాని సంగతి అక్కడ పది నిమిషాల్లో వచ్చింది. పరిశోధన అంటే నేను అనుకునేది అదే. ఇంత పెద్ద విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో ఒక డిగ్రీ విద్యార్థికి అలాంటి పది నిమిషాలు దొరకడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? ఆ సంగతి చెప్పుకోవాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

విశాఖలోని మిసెస్ ఏవీఎన్ కాలేజీలో సి.వి.రామన్ తండ్రి లెక్చరరుగా పనిచేశారు. రామన్ కూడా అక్కడే ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్, చదివి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. ఆయన మొదటి పరిశోధన పత్రం 1906లో ఇంగ్లండులో అచ్చయింది. అప్పటికి వయసు 18. ఎవరూ ఆయనకు ప్రాజెక్టు ఇవ్వలేదు. కాలేజీ ల్యాబులో స్పెక్ట్రోమీటరుతో పట్టకం కోణం కొలిచే మామూలు ప్రాక్టికల్ చేస్తూ, వెలుగు చారలు రెండు వైపులా ఒకేలా లేకపోవడం గమనించారు. ఎందుకలా ఉన్నాయని పట్టుకుని కూర్చున్నారు. అంతే.

నా డిగ్రీ ల్యాబు గుర్తొస్తోంది. పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్, అంటే ఒక ద్రావణాన్ని బ్యూరెట్ గొట్టంలోంచి చుక్కచుక్కగా వదిలి ఇంకో దాని గాఢత కొలిచే ప్రయోగం. మూడుసార్లు చేయాలి, అందులో రెండు రీడింగులు కలవాలి. ఆ రోజు నాకు కలవలేదు. మూడు రీడింగులూ మూడు రకాలుగా వచ్చాయి. పక్కన ఉన్న అమ్మాయి సీనియర్ రికార్డు తెరిచి చూపించింది. అందులో ఉన్నట్టే వేసేశాను. రికార్డు మీద సంతకం పడింది. నా రీడింగులు ఎందుకు కలవలేదో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. బ్యూరెట్ కుళాయి కారుతుండవచ్చు, ద్రావణం సరిగ్గా వేడెక్కి ఉండకపోవచ్చు. కనుక్కునే అవకాశం ఆ బల్ల మీదే ఉంది, ఆ రోజే ఉంది. రామన్ ఆగిన చోట మేమెవరం ఆగలేదు. ఆగితే రికార్డు పూర్తి కాదు.

ఇది పిల్లల బద్ధకం వల్ల వచ్చిన జబ్బు అంటే నేను ఒప్పుకోను. మన కాలేజీలను కట్టిన తీరులోనే అది ఉంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు. పాఠం చెప్పేది కాలేజీ, సిలబస్ వేసి పరీక్ష పెట్టేది యూనివర్సిటీ. ఇలాంటి ఏర్పాటులో కొత్త సంగతి కనిపెట్టాల్సిన బాధ్యత ఎవరి మీదా పడదు. జర్మనీలో అంతకు ముందే, 1810లో, బెర్లిన్ విశ్వవిద్యాలయం బోధన, పరిశోధన ఒకే చోట జరగాలన్న ఆలోచనతో మొదలైంది. మనకు ఆ దారి కాకుండా పరీక్షల దారి వచ్చింది. కాలేజీ ఇలా యూనివర్సిటీకి అనుబంధంగా ఉండడాన్నే అఫిలియేషన్ అంటారు, ఆ మాట మన కాలేజీల బోర్డుల మీద ఇప్పటికీ ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు కొండ మీదికి వచ్చింది. సి.ఆర్.రెడ్డి తర్వాత 1931లో వైస్ ఛాన్సలరుగా వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మంచి మంచి మనుషుల్ని ఏరి తెచ్చారు. ఫిజిక్సుకు సూరి భగవంతం, కెమిస్ట్రీకి టి.ఆర్.శేషాద్రి. శేషాద్రి పని నాకు చాలా ఇష్టం. ఆయనకు కావలసిన సరుకు మన చుట్టూనే దొరికేది. పత్తి పూల రంగుల్లో, కానుగ గింజల్లో, జిల్లేడులో ఏ రసాయనాలు ఉన్నాయో విడదీసి చూశారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. అంత చెదిరినా పరిశోధన ఆగలేదు.

1950లలో సముద్రం వంతు వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్‌తో కలిసి విశ్వవిద్యాలయం వాళ్లు నౌకాదళం ఓడల మీద బంగాళాఖాతంలోకి వెళ్లి అడుగున ఉన్న లోయల్ని గుర్తించారు. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. విశ్వవిద్యాలయం పేరు ఒకటి, జియాలజీ ప్రొఫెసరు సి.మహదేవన్ పేరు ఒకటి, వైస్ ఛాన్సలర్ వి.ఎస్.కృష్ణ పేరు ఒకటి. బీచ్ రోడ్డు మీద రోజూ వాకింగ్ చేసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను.

అయితే ఇదంతా కొండ మీద జరిగింది. పీజీ, పీహెచ్‌డీ వాళ్ల పని. కింద ఊళ్లోని డిగ్రీ కాలేజీలకు విశ్వవిద్యాలయం పంపింది సిలబస్సు, ప్రశ్నపత్రం, హాల్ టికెట్టు.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు కథ ఇక్కడే చెప్పాలి. ఆయనా ఏవీఎన్ కాలేజీ విద్యార్థే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ చదివి ఫస్ట్ క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. పరిశోధన చేద్దామని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడితే గడువు దాటిందని తీసుకోలేదు. ఉద్యోగం ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. అక్కడ బస చేసిన చోట కలిసిన ఒకతను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి చెప్పాడు. 1941లో అందులో చేరారు. మిగిలింది స్టాటిస్టిక్స్ చదివినవాళ్లందరికీ తెలుసు. 2023లో ఆ శాస్త్రంలో అతి పెద్ద అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అందులో నాకు మరీ ముఖ్యమనిపించే ముక్క ఒకటుంది. 1940లలో కలకత్తాలో ఆయన పాఠం చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితం అది. ఒక విద్యార్థి లేచి, మరి చిన్న శాంపిల్‌కు ఇలాంటిది ఉండదా అని అడిగాడు. రావు ఆ రాత్రి కూర్చుని దానికి జవాబు కనిపెట్టారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే ఇవాళ ప్రపంచమంతా క్రామర్–రావు అవధి అంటోంది. అడిగిన విద్యార్థి వి.ఎం.దండేకర్. తర్వాత ఆర్థికశాస్త్రంలోకి వెళ్లి, దేశంలో పేదరికాన్ని లెక్కగట్టిన వాళ్లలో పెద్ద పేరు ఆయనది. సైన్సు వేరు, సోషల్ సైన్సు వేరు అని మనం టైంటేబుల్లో గీసుకున్న గీత ఆ క్లాసురూములో లేదు. అడగగలిగే విద్యార్థి ఉన్నాడు. ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్లిన మాస్టారు ఉన్నాడు.

స్వాతంత్ర్యం తర్వాత దూరం ఇంకా పెరిగింది. 1942లో పుట్టిన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్ఐఆర్ కింద జాతీయ ప్రయోగశాలలు వరసగా వచ్చాయి. దేశానికి అవి కావలసినవే. కానీ డబ్బూ, పరికరాలూ, పేరున్న శాస్త్రవేత్తలూ అటు వెళ్లారు. బోధన ఒక చోట, పరిశోధన ఇంకో చోట స్థిరపడిపోయాయి. సోషల్ సైన్సుల కోసం 1969లో ఐసీఎస్ఎస్ఆర్ అనే పరిశోధన మండలి పెట్టారు. అదీ ప్రొఫెసర్ల దాకా, పీహెచ్‌డీ వాళ్ల దాకా చేరింది. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో ఎంఐటీ, డిగ్రీ విద్యార్థుల్ని నేరుగా ప్రొఫెసర్ల పరిశోధనలోకి తీసుకునే పథకం మొదలుపెట్టింది. ఇక్కడ డిగ్రీ కాలేజీలు ఊరూరా వచ్చాయి, పిల్లలు వేలల్లో చేరారు. ఆ పిల్లల్లో చాలామంది వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు. అది చిన్న విజయం కాదు. కాకపోతే ల్యాబు రికార్డుల దగ్గరే ఆగిపోయింది.

తర్వాత వచ్చిన పథకాలు ఏరుకునే పథకాలు. 1999లో కేవీపీవై, 2008లో ఇన్‌స్పైర్, రెండూ సైన్సులో ముందున్న పిల్లల్ని ఎంచి స్కాలర్‌షిప్ ఇచ్చే కేంద్ర పథకాలు. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేలు, అందులో 20 వేలు వేసవి ప్రాజెక్టు కోసం. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్పులు కూడా ఉన్నాయి. ఎంపికైన మా పిల్లలు ఒకరిద్దరు రెండు నెలలు బయటి ల్యాబుల్లో ఉండి వచ్చారు. వాళ్ల నడకే మారిపోయింది. మిగిలిన బెంచీల సంగతి ఎవరూ అడగలేదు.

బెంచీలన్నిటికీ కలిపి ప్రాజెక్టు వచ్చింది ఈ మధ్యనే. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 డిగ్రీ సిలబస్‌తో 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు. రెండో ఏడాది తర్వాత చిన్న ఇంటర్న్‌షిప్, తర్వాత ఒక సెమిస్టర్ పూర్తిగా ఇంటర్న్‌షిప్పే. హార్బర్‌లో ఆ ముగ్గురూ కూర్చున్నది ఈ మొదటి దాని కింద. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ నాలుగేళ్ల డిగ్రీ నిబంధనలు తెచ్చింది. మొదటి 6 సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు వచ్చినవాళ్లు నాలుగో ఏడాది 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేసి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ తీసుకోవచ్చు. నాలుగేళ్ల డిగ్రీ మొత్తం మీద 75 శాతం ఉంటే పీజీ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి అర్హత.

కాగితం మీద ఇది వందేళ్ల లోటు తీర్చే పని. నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. తర్వాత ఒక సాయంత్రం కాలేజీ దగ్గర జిరాక్స్ షాపుకు వెళ్లాను. బల్ల మీద స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టులు దొంతరగా ఉన్నాయి. పైన నీలం ప్లాస్టిక్ అట్ట. ఒకటి తెరిస్తే ఊళ్లో పారిశుధ్యం మీద సర్వే, 50 ఇళ్లు. దాని కిందిది తెరిచాను. ఇంకో ఊరు, ఇంకో పేరు, అవే 50 ఇళ్లు, అవే శాతాలు, చివరికి అవే అక్షరదోషాలు. షాపు అబ్బాయి దాచలేదు. “ఫైల్ ఉంది మేడమ్, ఊరి పేరు, హాల్ టికెట్ నంబరు మార్చి ఇస్తాం.” నా బ్యూరెట్ రీడింగే అట్ట మార్చుకుని వచ్చిందనిపించింది.

ఎందుకలా జరుగుతుందో లోపలి మనిషిగా నాకు తెలుసు. ఒక్కో లెక్చరర్ కింద 40 మంది, 50 మంది. వారానికి క్లాసులే తెమలవు. గైడ్ చేయాల్సినవాళ్లలో చాలామంది తామెప్పుడూ ప్రశ్నావళి తయారుచేసినవాళ్లు కాదు. 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం అయింది, కాబట్టి రిపోర్టు ఇంగ్లీషులో ఉండాలి. హార్బర్‌లో ఆవిడ చెప్పిన మాట పిల్లల చెవిలో తెలుగులో పడుతుంది, కాగితం మీదికి వెళ్లేసరికి దాంట్లో జీవం పోతుంది. కొంతమంది భయపడి కాపీనే నయమనుకుంటారు. తెలుగులో రాసిన ఫీల్డు నోట్సుకు కూడా మార్కులు వేయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. ఊళ్లోనే సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం ఉంది, సముద్ర చేపల పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం ఉంది, కొండ మీద విశ్వవిద్యాలయం ఉంది. ఒక్కో కేంద్రం ఏడాదికి పదిమంది డిగ్రీ పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే ఆ నీలం అట్టలు కొన్నయినా తగ్గుతాయి.

హార్బర్ నుంచి వచ్చాక ఆ ముగ్గురూ ప్రశ్నావళి తిరగరాశారు. నెలసరి ఆదాయం కొట్టేశారు. దాని బదులు మూడు ప్రశ్నలు: నిన్న సరుకు ఎంత పెట్టి కొన్నారు? ఎంతకు అమ్మారు? మిగిలింది ఏం చేశారు? కింద చేత్తో నాలుగోది: వేట లేని రెండు నెలలు ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, వడ్డీ ఎంత? గడులు లేవు, రాసుకోవడానికి ఖాళీ వదిలారు. ఇలాగే 32 మంది దగ్గరికి వెళ్లారు. 50 నింపలేకపోయామని బాధపడుతుంటే, 32 చాలు, ఆ 32 నిజమైతే, అన్నాను.

ముగ్గురిలో ఒకమ్మాయి ఇప్పుడు మూడో ఏడాదిలో ఉంది. నాలుగో ఏడాది పరిశోధన తీసుకుంటానంటోంది. వేట ఉన్న నెలల లెక్క, లేని నెలల లెక్క పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది. ఇప్పటిదాకా మార్కులు 71 శాతం. ఇంకా ఒక్క సెమిస్టరే ఉంది. హార్బర్ నోటుబుక్కు మాత్రం ఆపలేదు. పోయిన ఆదివారం వెళ్లి ఎండు నెత్తళ్ల ధర రాసుకొచ్చింది.