‘ఏ నెలలో తప్పు జరిగింది మేడమ్?’: కణవిభజన మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

కణవిభజన గురించి మాట్లాడటానికి ఎక్కడికెళ్లినా ఉన్నితో అల్లిన క్రోమోజోముల (కణంలో డీఎన్ఏ ఉండే పోగుల) సంచి నా వెంట ఉంటుంది. చూపులేని విద్యార్థులు వేళ్లతో తడిమి తెలుసుకోవాలని అల్లడం మొదలుపెట్టాను, ఇప్పుడు అందరూ వాటికోసమే ఎగబడతారు. జతని కలిపి ఉంచేది ఒక ప్రెస్ బటన్, లాగితే టిక్కుమని విడిపోతుంది.

మొన్న ఒకావిడ ఆ జతని చేతిలో పట్టుకుని అందరూ వెళ్లేదాకా ఆగింది. ఆవిడ పాపకి డౌన్ సిండ్రోమ్, అంటే 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం. “ఏ నెలలో తప్పు జరిగింది మేడమ్?” అంది. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో!

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో తిన్నందుకో, బరువు ఎత్తినందుకో, టెన్షన్ పడినందుకో ఇలా అయింది.

కాదు. ఎక్కువమంది పిల్లల్లో 21వ క్రోమోజోమ్ అదనంగా చేరేది అండం తయారయ్యేటప్పుడే, అంటే గర్భం రాకముందే. కొద్దిమందిలో వీర్యకణం నుంచి వస్తుంది. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాల్లో క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే కణవిభజన) మొదలై, సగంలో ఆగిపోతుంది. మళ్లీ కదిలేది ఆ అండం విడుదలయ్యే ముందే, ఒక్కోసారి 40 ఏళ్ల తర్వాత! అన్నేళ్లూ క్రోమోజోములను పట్టి ఉంచే కోహెసిన్ ప్రోటీను వయసుతో సడలుతుంది. అప్పుడు పంపకం తప్పి, అండంలోకి ఒక క్రోమోజోమ్ ఎక్కువ పోవచ్చు. ఆవిడ చేతిలోని జతకి, ఎందరో లాగి లాగి, బటన్ వదులైపోయింది. పట్టుకోగానే ఊడొచ్చింది. దాన్నే చూపించి, “అమ్మా, ఇందులో నువ్వు చేసిందేమీ లేదు” అన్నాను. వయసుతో అవకాశం పెరిగేమాట నిజమే, కానీ ఇరవైల్లో ఉన్న తల్లులకూ ఇలాంటి పిల్లలు పుడతారు. కాసేపు ఏడ్చి, ఫోన్ తీసి, “ఇదే మాట మా అత్తగారికి చెప్తారా?” అంది. చెప్పాను, రెండుసార్లు.

పుకార్లు మోసేవాళ్లు ఒక్కసారి కేరియోటైప్ రిపోర్టు (క్రోమోజోములను లెక్కపెట్టి చూసే పరీక్ష ఫలితం) చదివితే బాగుండు. డౌన్ సిండ్రోమ్ ఉన్న సుమారు 95 శాతం మందిలో అది మామూలు ట్రైసోమీ 21, అంటే 21వ క్రోమోజోమ్ విడిగా మూడోది ఉండటం. ట్రాన్స్‌లొకేషన్ (అదనపు 21వ క్రోమోజోమ్ వేరేదానికి అతుక్కుని ఉండటం) అని రాసి ఉంటే మాత్రం తల్లిదండ్రులిద్దరూ పరీక్ష చేయించుకుని జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవాలి, మళ్లీ బిడ్డ కావాలనుకుంటే అది చాలా అవసరం.

అపోహ: ఇంటర్‌ఫేజ్ (రెండు విభజనల మధ్య దశ) అంటే కణానికి విశ్రాంతి. డీఎన్ఏ రెట్టింపయ్యేదే అప్పుడు. విశ్రాంతి ఎక్కడిది?

అపోహ: బొమ్మలు గీయడం సైన్స్ కాదు. 1882లో జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్ సాలమాండర్ కణాలను చూసి చేత్తో గీసిన బొమ్మలతోనే సమవిభజన (ఒక కణం ఒకేలాంటి రెండు కణాలుగా చీలడం) దశలు లోకానికి తెలిశాయి. మైక్రోస్కోప్ ఫొటోల్లో మెరిసే రంగులు కూడా మేం ఎంచుకుని వేసేవే. అందుకే నేను ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వేయను. ఎరుపు బదులు మెజెంటా వేస్తే, ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లకి కూడా క్రోమోజోమ్ ఏదో, వాటిని లాగే కండె పోగు ఏదో విడిగా కనిపిస్తాయి.